స్కాగెన్ పల్లె: పటము నుండి పోస్టుకార్డు దాకా

డెన్మార్కు దేశం చూచి వచ్చేవారు వెంట తెచ్చుకొనే బొమ్మకార్డులలో ఒకటి మిక్కిలి పేరుపడ్డది. సముద్రతీరం. ప్రొద్దు గ్రుంకి, ఇంకా చీకటి పడని వేళ. ఇసుకకు నీటికి, నీటికి ఆకాశానికి ఉండవలసిన హద్దులు చెరిగి, అంతటా ఒకే నీలిమ పరచుకొని ఉన్నది. లేతరంగు దుస్తులు ధరించిన ఇద్దరు స్త్రీలు, మనకు వీపు చూపుతూ, అలల అంచు వెంట మెల్లగా నడిచిపోతున్నారు. అలజడి లేదు, తొందర లేదు. చూచినవారికి మనసు కుదుటపడుతుంది. పెడర్ సెవెరిన్ క్రోయర్ అనే చిత్రకారుడు 1893లో గీసిన పెద్ద తైలవర్ణ చిత్రానికి ఇది చిన్న ప్రతిరూపం. ఆ చిత్రం పేరు "స్కాగెన్ దక్షిణ తీరాన వేసవి సాయంకాలం".

స్కాగెన్ జాలరుల ఊరు. అయినా ఈ కార్డులో పడవ లేదు, వల లేదు, జాలరి లేడు. లేడన్న సంగతి లోపంగా కూడ తోచదు. తీరమంటే ఇదే గదా అని చూపరి తృప్తి పడతాడు. ఇంతకు పదునాలుగేండ్ల ముందు, అనగా 1879లో, ఇదే ఊరిలో మరొక చిత్రకారుడు గీసిన పటంలో జాలరులు తప్ప మరెవ్వరూ లేరు. ఈ రెండు పటాల నడుమ జాలరి ఎక్కడికి పోయినాడు? అతని నెవరు తప్పించినారు? కార్డుమీది ఇద్దరు స్త్రీలు ఎవరు? ఒక పల్లె కళలోనికి ఎట్లా ప్రవేశించి, కళనుండి అంగడిలోనికి ఎట్లా పోయినదో తెలుసుకోగోరేవారికి ఈ ప్రశ్నలు చిన్నవి కావు. పల్లెల గురించి వ్రాసే రచయితలకు అసలే చిన్నవి కావు.

డెన్మార్కు ప్రధాన భూభాగమైన జట్లండు ద్వీపకల్పానికి ఉత్తరపు కొన స్కాగెన్. అక్కడ స్కాగెరాక్, కట్టెగాట్ అనే రెండు సముద్రాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటవి. గ్రేనెన్ అనే ఇసుక మొనమీద నిలుచుంటే, రెండువైపుల అలలు ఒకదానిపై ఒకటి విరిగిపడటం కనిపిస్తుంది. బాల్టిక్ సముద్రానికి పోయే ఓడలలో అనేకం ఈ మొనను చుట్టిపోయేవి. కనుక తుపాను వేళ ఇక్కడ చెడిపోయిన ఓడలకు లెక్క లేదు. భూమి కూడ నెమ్మదిగా ఉండేది కాదు. గాలికి కదలివచ్చే ఇసుక పొలాలను, ఇండ్లను కప్పివేసింది. సెయింట్ లారెన్స్ పేరిట వెలసిన ప్రాచీన దేవాలయపు వాకిలిని ఏటేటా ఇసుక త్రవ్వి తెరవలేక 1795లో దానిని విడిచిపెట్టినారు. తరువాత కట్టడమంతా పోయి గోపురం మాత్రం మిగిలింది. తెల్ల సున్నం పూసిన ఆ గోపురం నావికులకు దారి గుర్తుగా నిలిచింది. 1413లోనే పట్టణ హోదా పొందిన ఊరైనప్పటికీ, పందొమ్మిదవ శతాబ్దం చివరిదాకా దానికి సరియైన రేవు లేదు, రైలు లేదు. పడవలను ఇసుకమీదికి లాగవలె, మరల ఇసుకమీదినుండి అలలలోనికి త్రోయవలె. ఆ ఊరి బ్రతుకంతా ఈ లాగుట, త్రోయుటలలోనే గడిచింది.

ఇట్టి చోటికి కళాకారులు రావడం ఒక్కనాడు జరిగినది కాదు. మార్టినస్ రోర్బి అనే చిత్రకారుడు 1833లోనే వచ్చి చూచినాడు. 1859 ఆగస్టులో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ వచ్చినాడు. మన పిల్లలకు కూడ పరిచితుడైన ఆ కథకుడు, ఆ ఏడే ఇసుక దిబ్బల నేపథ్యంతో ఒక కథ ప్రకటించి, స్కాగెన్ గురించి ఒక యాత్రావ్యాసం కూడ వ్రాసినాడు. ఊరిలో అతిథులకు దిక్కు బ్రోండుమ్ కుటుంబంవారి సత్రం. అదే ఆగస్టు 18వ తేదీన ఆ సత్రంలో ఒక ఆడశిశువు జన్మించింది. కథకుడు బస చేసిన రాత్రియే ఆమె పుట్టినదని ఆ ఊరివారు చెప్పుకొంటారు. ఆమె పేరు అన్నా. ఈ కథలో ఆమెకు మరల పని ఉన్నది.

1874లో మికేల్ ఆంకర్ వచ్చినాడు. ఇతడు 1849లో బార్న్‌హోల్మ్ ద్వీపంలో పుట్టినవాడు. కోపెన్‌హాగెన్‌లోని రాజకీయ కళాపరిషత్తులో చదువుకొంటూ, సహాధ్యాయి కార్ల్ మాడ్సన్ ప్రోత్సాహంతో ఒక వేసవి గడపడానికి స్కాగెన్ చేరినాడు. వేసవి ముగిసినా అతని మనసు తిరిగిపోలేదు. చివరికి ఆ ఊరే అతనికి ఇల్లు అయింది. తక్కిన చిత్రకారులలో అనేకులు వేసవి పక్షులు. శీతకాలపు తుపాను ఎట్లా ఉంటుందో, పడవ పోయిన రాత్రి ఊరు ఎట్లా మేలుకొని ఉంటుందో ఎరుగాలంటే అక్కడ కాపురముండవలె. మికేల్ కాపురమున్నాడు.

1879లో అతడు గీసిన పటం పేరు "మొనను దాటగలడా?" చమురు పూసిన తోలు వస్త్రాలతో, గట్టి బూట్లతో కొందరు జాలరులు ఒడ్డున గుమిగూడి ఉన్నారు. అందరి చూపులూ పటం వెలుపలనున్న దేనిమీదనో నిలిచి ఉన్నవి. సముద్రంమీద ఒక పడవ ప్రమాదంలో ఉన్నదని, అది మొనను చుట్టి బయటపడగలదో లేదో అని వారు చూస్తున్నారని పేరునుబట్టి తెలుస్తుంది. పడవ మాత్రం పటంలో లేదు. చిత్రకారుడు దానిని చూపరికి చూపలేదు. ఆ ముఖాలలో చదువుకొమ్మన్నాడు. రాజులకు, వీరులకు కేటాయించే నిలువుతో, బరువుతో బెస్తలను నిలబెట్టిన ఈ పటాన్ని మరుసటి ఏడు కోపెన్‌హాగెన్‌లో ప్రదర్శించగా, తొమ్మిదవ క్రిస్టియన్ రాజు దానిని కొన్నాడు. మికేల్‌కు పేరు వచ్చింది. జాలరుల ముఖాలు రాజనగరు గోడ కెక్కినవి.

ఆ ముఖాలు ఊహించినవి కావు. ఫలానా ఇంటివాడు, ఫలానా పడవవాడు అని గుర్తుపట్టగలిగిన మనుష్యులు. వారిలో పెద్ద పేరు లార్స్ క్రూసెది. 1862 డిసెంబరు 27న స్వీడను దేశపు ఓడ "డాఫ్నె" ఒడ్డుకు సమీపంలో చిక్కుకొన్నప్పుడు, దానిలోనివారిని కాపాడబోయిన స్కాగెన్ వారిలో ఎనిమిదిమంది మునిగిపోయినారు. ఆనాటి రక్షణలో పాల్గొన్నవాడు క్రూసె. కవి, సముద్రచిత్రకారుడు అయిన హోల్గెర్ డ్రాక్‌మన్ 1879లో ఇతని పేరిటనే ఒక పుస్తకం వ్రాసి, దానికి "వాస్తవపు, ఇసుకపు సీమలనుండి ఒక చిత్రణ" అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టినాడు. అదే ఏటి పటం మికేల్‌ది. ఒకే ఒడ్డుమీద ఒకే సంవత్సరం కలం, కుంచె రెండూ జాలరివైపు తిరగడం గమనింపదగినది. ఆ కాలంలో ఐరోపా సాహిత్యంలోను, చిత్రకళలోను యథార్థవాదం ప్రబలుతున్నది. దేవతలను, రాజులను విడిచి, పనిచేసే మనిషిని చూడవలెననే పట్టుదల పెరుగుతున్నది. స్కాగెన్‌లో ఆ పట్టుదలకు చూడదగిన మనిషి దొరికినాడు.

1883లో మికేల్ "రక్షకనౌకను దిబ్బల నడుమ లాగుకొనిపోవుట" అనే పటం గీసినాడు. మంచు, ఇసుక కలిసిన దారిలో గుర్రాలు, మనుష్యులు కలిసి బరువైన పడవను ఈడ్చుకొని పోతున్నారు. ఆపదలోనున్న ఓడ దూరంగా ఉన్నది. ఒడ్డు చేరడమే ఒక యుద్ధం. సముద్రంతో యుద్ధం ఇంకా ముందున్నది. 1894లో లార్స్ క్రూసె సముద్రంలోనే మరణించినాడు. రెండేండ్ల తరువాత, 1896లో, మికేల్ "మునిగిపోయిన జాలరి" అనే పటం పూర్తిచేసినాడు. ఒక ఇంటిలో, కిటికీ వెలుతురులో, శవం పడుకోబెట్టి ఉన్నది. తనవారు, తోటివారు చుట్టూ ఉన్నారు. పదిహేడేండ్ల క్రిందట ఆ ఒడ్డున నిలిచి వేసిన ప్రశ్నకు ఇది ఒక సమాధానం: అందరూ మొనను దాటలేరు.

అయితే మికేల్ చూపులోను ఒక ఎంపిక లేకపోలేదు. అతని జాలరులు వీరులు. ఆపద సమయంలో వారిని పట్టుకొన్నంత బలంగా, అప్పుల లెక్కలో, ఎండబెట్టిన చేపల వాసనలో, మామూలు రోజు విసుగులో పట్టుకోలేదు. పైవాడు గౌరవంతో చూచినా పైనుంచే చూస్తాడన్న మాట ఇక్కడ కొంతవరకు వర్తిస్తుంది. కాని ఆ గౌరవం నిజమైనది, ఆ మనుష్యులకు పేర్లున్నవి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని ముందుకు పోవలె.

క్రోయర్ 1882లో వచ్చినాడు. నార్వేలోని స్టవాంగర్‌లో 1851లో పుట్టి కోపెన్‌హాగెన్‌లో పెరిగి, పారిస్‌లో శిక్షణ పొందినవాడు. చేతివాటంలో అక్కడ చేరిన వారందరికంటె మిన్న. అతడు మొదటినుంచీ జాలరిని తప్పించినాడని అనుకొంటే పొరపాటు. వచ్చిన ఏడే, వేట లేని దినాన అంగడిలో కూర్చున్న ఊరివారిని చిత్రించినాడు. 1883లో ఉత్తర తీరాన, దిగుప్రొద్దు వెలుతురులో, జాలరులు వల లాగే దృశ్యాన్ని పెద్ద పటంగా గీసినాడు. ఆ పటంలో వెలుగెంత ప్రధానమో వంగిన నడుములు, బిగిసిన తాళ్ళు అంత ప్రధానం. అంతవరకు కాంతి, కష్టం ఒకే పటంలో ఇమిడి ఉన్నవి.

తరువాత క్రమంగా ఒక మార్పు వచ్చింది. స్కాగెన్‌కు వచ్చే కళాకారుల సంఖ్య పెరిగింది. నార్వేనుంచి క్రిస్టియన్ క్రోగ్, స్వీడనునుంచి ఆస్కార్ బ్యోర్క్, దేశీయులలో విగ్గో యోహాన్సన్, లారిట్స్ తుక్సెన్ మొదలైనవారు వచ్చినారు. వారికి తమలో తామే ఒక సంఘం ఏర్పడింది. విందులు, సంగీతం, తోటలలో మధ్యాహ్న భోజనాలు సాగినవి. 1884లో మొదలుపెట్టి 1888లో క్రోయర్ పూర్తిచేసిన "హిప్, హిప్, హుర్రా!" అనే ప్రసిద్ధ చిత్రంలో ఆకుల నడుమ పడే ఎండలో గ్లాసులెత్తి నిలిచినవారు జాలరులు కారు, చిత్రకారులు, వారి మిత్రులు. కళాకారుడు చూడవచ్చిన ఊరిలో తన్ను తాను చూచుకొనడం మొదలుపెట్టినాడు. 1893 నాటికి అతని కుంచె వెదకినది సంజ నీలిమను. ఆ నీలిమను పట్టుకోవడంలో అతనికి సాటి రాగలవారు ఆ కాలపు ఐరోపాలోనే తక్కువ. పటం గొప్పదనాన్ని ఎవరూ కాదనరాదు. కాని ఆ తీరంమీద పనికి ఇక చోటు లేదు, విహారానికే చోటు. మికేల్ సైతం ఈ గాలికి దూరంగా ఉండలేదు. మునిగిపోయిన జాలరిని గీసిన 1896లోనే, ఎండలో సముద్రపుటొడ్డున షికారు పోయే స్త్రీలను కూడ అందంగా చిత్రించినాడు. ఒకే చేయి, ఒకే సంవత్సరం, ఒకే ఊరు. ఒక పటంలో సముద్రం మనిషిని ఇంటికి శవంగా పంపింది. మరొక పటంలో అది పట్టుచీరకు వెనుకటి తెరవలె మెరిసింది.

ఇక అన్నా సంగతి. ఆ చిత్రకారులందరిలోను స్కాగెన్‌లో పుట్టి పెరిగినది ఆమె ఒక్కతే. సత్రంలో దిగిన చిత్రకారుల రంగులపెట్టెలు చూచి పెరిగింది. రాజకీయ కళాపరిషత్తులో స్త్రీలకు ప్రవేశం లేని కాలమది. వారికై ప్రత్యేక పాఠశాల ఏర్పడినది 1888లో. అందుచేత అన్నా 1875 నుండి 1878 దాకా కోపెన్‌హాగెన్‌లో విల్హెల్మ్ క్యూన్ నడిపిన ప్రైవేటు పాఠశాలలో నేర్చుకొన్నది. 1880లో మికేల్‌ను పెండ్లాడింది. 1883లో కుమార్తె హెల్గా పుట్టింది. పెండ్లయిన స్త్రీ కుంచె దింపి గరిటె పట్టవలెనని ఆనాటి సమాజం ఆశించింది. ఆమె గరిటె పట్టినది, కుంచెనూ దింపలేదు.

ఆమె పటాలలో సముద్రం దాదాపు కనబడదు. దీని అర్థం మొదట బోధపడదు. సముద్రంకోసమే అందరూ వచ్చిన ఊరిలో, సముద్రం ఒడ్డునే పుట్టిన చిత్రకారిణి గదులను చిత్రించింది: వంటింటి వాకిలి దగ్గర పని చేసుకొంటున్న పనిమనిషి, గదిలో ఒంటరిగా కూర్చున్న అంధురాలు, కుట్టుపనిలో మునిగిన బెస్తవాని భార్య, శవపేటికచుట్టూ మౌనంగా నిలిచిన ఊరిజనం, టీకాలు వేయించుకొనడానికి బిడ్డలతో వచ్చిన తల్లులు. 1891లో గీసిన "నీలిగదిలో ఎండ" అనే పటంలో, చిన్నారి హెల్గా అమ్మమ్మగారి గదిలో వీపు త్రిప్పి కూర్చుని అల్లిక అల్లుకొంటున్నది. కిటికీనుంచి పడిన ఎండ గోడమీద ముక్కలుగా నిలిచి ఉన్నది. విషయం ఇంతే. కాని ఊరిలో పుట్టినవారికి తెలిసిన సత్యం ఒకటి అందులో ఉన్నది. సముద్రంమీద బ్రతికే ఊరిలో సముద్రం చూడదగిన వస్తువు కాదు. అది పోయినవారు తిరిగి రావలసిన చోటు. చూచేవారు ఒడ్డున ఉంటారు. ఎదురుచూచేవారు ఇంటిలో ఉంటారు. అన్నా ఎదురుచూచేవారి వైపునుంచి చిత్రించింది.

ఇప్పుడు మొదటి కార్డుకు తిరిగి రావచ్చును. నీలి తీరాన నడిచిపోయే ఆ ఇద్దరిలో ఒకరు క్రోయర్ భార్య మరీ, ఆమెకూడ చిత్రకారిణియే. రెండవ ఆమె అన్నా ఆంకర్. ఊరిని లోపలినుంచి చూచిన ఒకే ఒక చిత్రకారిణి, ఊరిని లోకానికి చాటిన కార్డుమీద ముఖం లేని విహారిణిగా మిగిలిపోయింది. వీపు మనవైపు ఉన్నది. కండ్లు మనకు కనిపించవు. చిత్రకారుడు ఉద్దేశించి ఇట్లా చేయలేదు, స్నేహితురాలిని ప్రేమతోనే చిత్రించినాడు. కాని చరిత్ర తనకు కావలసిన అర్థాన్ని యాదృచ్ఛికంగానే కల్పించుకొంటుంది.

పటం కార్డుగా మారడానికి కొన్ని బాహ్య కారణాలున్నవి. పోస్టుకార్డు మొదట ఆస్ట్రియా హంగరీలో 1869లో వెలువడింది. 1871లో డెన్మార్కులోను, 1879 జూలై 1న పావు అణా వెలతో మన దేశంలోను ప్రవేశించింది. తొలుత అది బొమ్మలేని ఉత్త అట్టముక్క. ముద్రణ సాధనాలు చౌక అయ్యేకొద్దీ దానిపై బొమ్మ చేరింది. మొదట చిరునామాకు ఒక వైపంతా కేటాయించవలసి ఉండేది కనుక, కబురు బొమ్మ ప్రక్కనే ఇరుకుగా వ్రాయవలసి వచ్చేది. 1902లో బ్రిటన్ చిరునామా వైపును రెండుగా చీల్చి, సగం కబురుకు ఇచ్చింది. ఇతర దేశాలు అనుసరించినవి. దానితో రెండవ వైపంతా బొమ్మకే దక్కింది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి పదిహేనేండ్లు బొమ్మకార్డుకు స్వర్ణయుగం. అదే కాలంలో మన ఇండ్ల గోడలమీద రవివర్మ చిత్రాలు వెలసినవి. అతడు 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం రాజమందిరాల పటాలను సామాన్యుని గూటికి చేర్చింది. పటాన్ని అచ్చు మోసుకొనిపోయిన ఈ కథ ఒక్క డెన్మార్కుది కాదు.

స్కాగెన్‌లో దీనికి మరొక తోడు దొరికింది. 1890 జూలైలో ఫ్రెడెరిక్స్‌హావెన్‌నుంచి రైలు వచ్చింది. అంతకుముందు ఇసుకలో బండిమీద పోవలసిన దారి, కొద్ది గంటల ప్రయాణమైంది. పటాలు చూచి ఊరు చూడవలెనన్న కోరిక పుట్టినవారికి దారి ఏర్పడింది. వచ్చినవారికి తాము చూచినట్లు నిదర్శనంగా పంపడానికి కార్డు కావలసి వచ్చింది. 1907లో రేవు నిర్మాణమైంది. పడవలను ఇసుకమీదికి లాగే పని తగ్గింది. జాలరి ఒడ్డునుంచి రేవుకు తరలిపోయినాడు. ఒడ్డు ఖాళీ అయింది. క్రోయర్ 1893లో తన కన్నుతో ఖాళీ చేసిన తీరాన్ని, పదునాలుగేండ్ల తరువాత కాలం తన చేతితో ఖాళీ చేసింది. విహారులు ఆ ఖాళీని నింపినారు.

కార్డుకు తనదైన ఒక న్యాయం ఉన్నది. అది చేతిలో ఇమిడేంతది, ఒక్క చూపులో పూర్తి కావలె. దూరాననున్న బంధువుకు చేరి సంతోషం కలిగించవలె. "మునిగిపోయిన జాలరి" బొమ్మను పంపి, ఇక్కడ వేసవి బాగున్నదని వెనుక వ్రాయడం ఎవరికీ పొసగదు. "మొనను దాటగలడా?" అన్న పటం కూడ అచ్చుల కెక్కినదే. కాని ఆ మనుష్యులు అరచేతి ప్రమాణానికి తగ్గేసరికి వారి చూపులోని భయం తగ్గి, వింత వేషం ధరించిన ముదుసలులవలె కనిపిస్తారు. నీలిమకు ఆ నష్టం లేదు. పెద్దదైనా చిన్నదైనా నీలిమ నీలిమే. కార్డు కుట్ర పన్ని జాలరిని తొలగించలేదు. తన కొలతకు సరిపోయినదానిని తీసుకొని, సరిపోనిదానిని విడిచింది. అట్లా విడిచిన దానిని కొనేవాడు వెదకలేదు, అచ్చువేసేవాడు జ్ఞాపకం చేయలేదు. లోకంలో అనేక విషయాలు మరుగుపడేది ద్వేషంవల్ల కాదు, ఇట్టి సౌలభ్యంవల్లనే.

ఇక్కడ రెండు విధాల లేమిని వేరుచేసి చూడవలె. 1879 నాటి పటంలో పడవ లేదు. కాని చూపరి మనస్సులో ఉన్నదంతా ఆ పడవే. ముఖాలన్నీ దానివైపే చూపుతున్నవి. 1893 నాటి పటంలో జాలరి లేడు. అతడు లేడని ఎవ్వరికీ తోచదు. అతనివైపు చూపే వేలు ఒక్కటీ లేదు. మొదటిది కళలోని మౌనం, రెండవది మరుపు. రెండూ కంటికి ఒకటే, ఖాళీ స్థలమే. ఒకటి ప్రశ్నను నిలుపుతుంది, మరొకటి ప్రశ్న పుట్టకుండ చేస్తుంది.

అయితే కార్డును నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ బొమ్మలు తెచ్చిన యాత్రికులవల్ల ఇసుక తప్ప ఏమీ పండని ఊరికి ఒక జీవనాధారం కలిగింది. 1908లో బ్రోండుమ్ హోటలు భోజనశాలలోనే స్కాగెన్ చిత్రకళా ప్రదర్శనశాలకు పునాది పడ్డది; 1928లో దానికి సొంత భవనం వచ్చింది. చిత్రకారులు ఒకరి రూపాల నొకరు గీసి గోడ చెక్కలలో పొదిగిన ఆ భోజనశాలను యథాతథంగా తరువాత ప్రదర్శనశాలలోనికి మార్చినారు. మికేల్ 1927లోను, అన్నా 1935లోను మరణించినారు. వారి కుమార్తె హెల్గా 1964లో మరణిస్తూ తల్లిదండ్రుల ఇంటిని, అందులోని సమస్తాన్ని ఒక నిధికి అప్పగించింది. 1967లో ఆ ఇల్లు ప్రజలకు తెరవబడింది. 1998లో డెన్మార్కు వెయ్యి క్రోనర్ల నోటుమీద అన్నా, మికేల్ దంపతుల రూపాలు అచ్చయినవి. వీపు మాత్రమే చూపిన కార్డు తరువాత, ఆమె ముఖాన్ని ఇంటింటికి చేర్చినది కూడ ఒక అచ్చుకాగితమే. కార్డు చూచి వచ్చినవాడు ప్రదర్శనశాల లోపలికి అడుగుపెడితే, మునిగిపోయిన జాలరి అక్కడ అతనికోసం కనిపెట్టుకొని ఉన్నాడు. వాకిలిదాకా పిలిచినది కార్డు. లోపల చూపవలసినది పటం. వాకిలినే ఇల్లనుకొంటేనే నష్టం.

స్కాగెన్ నేటికీ డెన్మార్కులోని ముఖ్యమైన మత్స్యరేవులలో ఒకటి. అక్కడ వేట ఆగలేదు, జాలరి అంతరించలేదు. కార్డులోనుంచి మాత్రమే అంతరించినాడు. ఈ భేదం గమనింపదగినది. బొమ్మలో లేనివాడు లోకంలో లేడని అనుకొనే అలవాటు బొమ్మ చూచేవారికే కాదు, పుస్తకం చదివేవారికీ ఉన్నది.

సాహిత్యంలోను కార్డులున్నవి. సముద్రం పేరెత్తగానే నురుగు, వెన్నెల, తెరచాప అని వరుసగా వచ్చే వర్ణన లట్టివి. చక్కగా ఉంటవి, ఎవరికైనా పంపవచ్చును. వాటిని దాటి పోయిన రచనలు మన దేశంలోను లేకపోలేదు. తకళి శివశంకర పిళ్ళ మలయాళంలో 1956లో ప్రకటించి, 1957లో సాహిత్య అకాడమి బహుమానం పొందిన "చెమ్మీన్" నవలలో, సముద్రంమీది మగవాని ప్రాణం ఒడ్డుననున్న ఆలి శీలంమీద ఆధారపడి ఉన్నదనే జాలరుల విశ్వాసం కథకు వెన్నెముక. అక్కడకూడ సముద్రం చూచే వస్తువు కాదు, ఎదురుచూచే చోటు. వేలమైళ్ళ దూరాన, వేరొక భాష మాట్లాడే ఊరిలో, అన్నా ఆంకర్ నీలిగదిలో కూర్చుండి తెలుసుకొన్నదీ ఇదే. తీరం ఎక్కడిదైనా, దాని సత్యం చాలవరకు ఇంటిలోపలనే ఉంటుంది.

పల్లెను చిత్రించబూనే ప్రతి రచయితకు ఈ మూడు చూపులలో ఏదో ఒకటి అనుకోకుండానే పట్టుబడుతుంది. ఒడ్డున జాలరులతో కలిసి నిలిచి, వారి గౌరవాన్ని నిలువెత్తున చూపడం మికేల్ చూపు. వెలుగును ప్రేమించి, ఆ వెలుగు పడిన మనుష్యులను క్రమంగా మరచిపోవడం క్రోయర్ చూపు. లోపల కూర్చుని, చిన్న పనిమీద పడిన ఎండను ఓపికతో గమనించడం అన్నా చూపు. మూడింటిలోను గొప్ప కళ పుట్టింది. కాని అచ్చు, అంగడి, కాలం కలిసి ఎంపిక చేసేటప్పుడు రెండవదానికే ఎక్కువ ఆదరణ లభించింది, ముందుకూడ లభిస్తుంది. కనుక మిగిలిన రెండు చూపులను నిలుపుకొనే బాధ్యత రచయితలమీద, విమర్శకులమీద, అనువాదకులమీద పడుతున్నది.

మికేల్ పటంలోని జాలరులు నూటనలుబదియేండ్లు దాటినా ఆ ఒడ్డునే నిలిచి సముద్రంవైపు చూస్తున్నారు. వారు చూచే పడవ ఇంకా మొన దగ్గరనే ఉన్నది. చూపరి ఒక క్షణం ఆగి, వారి చూపు వెంట తన చూపును పోనిచ్చినప్పుడు మాత్రమే అది అతనికి కనిపిస్తుంది.